గొడ్డుగుట్ట

ఆత్మకూరు బస్టాండు గోడకు అంటించిన కాగితంలో
నీలం నీళ్ల మధ్య ఒక పచ్చటి ముద్ద.
"దీవి చూసొద్దాం రండి. మనిషికి రెండొందలు."
పడమటి వైపు లోపలికి నొక్కుకుపోయిన ఆ నడుము చూసి
గుర్తుపట్టినాను.
నలభై ఐదేండ్ల కిందట దాని చుట్టూ గొలుసు లాగినోణ్ణి.

పుట్టిలో ఏడుగురం.
నంద్యాల టీచర్లు ఇద్దరు, కొత్తగా పెండ్లయిన జంట,
పులిహోర డబ్బా ఒడిలో పెట్టుకున్న పెద్దావిడ,
ఆమె మనవడు, నేను.
తెడ్డు వేసే నూకరాజు సముద్రం ఒడ్డు నుంచి
చేపల కోసం వచ్చి ఇక్కడే ముసలోడవుతున్నాడు.
"మా కాడ దీవులు ముందునుంచీ దీవులే బాబూ,
ఇక్కడివి మిగిలినవి" అని
బీడీ ముట్టించుకున్నాడు.

కింద ఏముందో నాకు తెలుసు, నంబర్ల వరుసలో.
రెండొందల పదకొండు, జొన్న.
పన్నెండు, మెట్ట.
పదమూడు, దిగుడు బావి, రెండు వేపచెట్లు.
ఆ పైన కల్లం, పీర్ల చావిడి.
ఇప్పుడన్నింటికీ ఒకటే రంగు.

అప్పుడు నాకు ఇరవై రెండు. చైన్‌మన్ కొలువు.
ఎనిమిదొందల ఎనభై ఐదు అడుగుల కాడ
రాళ్ల మీద సున్నం గీతలు పెట్టుకుంటూ పోయినాం.
గీతకు కింద మునక, పైన పోరంబోకు.
గుట్టకు ఎదురుగా కాగితంలో ఒకటే మాట:
నిరుపయోగం.

ఉసేనమ్మ మేకల దొడ్డి గీతకు నాలుగడుగులు పైన పడింది.
"ఏమప్పా, గీత ఇంత జరిపితే నీ చెయ్యి అరుగుతాదా?"
నీళ్లు అంతవరకే వస్తాయమ్మా అన్నాను.
"రాకపోతే మాత్రం, నా మేకలు ఈదుకుంటా పోతాయా మేతకు?"
దానికి జవాబు రూల్సు పుస్తకంలో లేదు.
సున్నం డబ్బా తీసుకుని పక్క రాయికి పోయినాను.

ఈ పొద్దు గుట్ట నిండా సీతాఫలం చెట్లు.
తంగేడు పూత. తూర్పున నల్లమల, పొగలాగా.
నీళ్లు రాళ్లను నాకుతున్నాయి, దూడను ఆవు నాకినట్టు.
బాగుంది.
ఎంత బాగుందంటే నాకు కోపం వచ్చింది,
ఎవరి మీదో తెలియలేదు.

గీత కోసం వెతికినాను. సున్నం పోయింది.
నీళ్లు మాత్రం మేం చెప్పిన కాడే ఆగి ఉన్నాయి.
ఆ ఒక్క కొలత తప్పు పోలేదు.
దొడ్డి గోడ మోకాలెత్తున ఇంకా ఉంది.
దాని లోపలి చెట్లే బాగా ఏపుగా ఉన్నాయి.
మేకల ఎరువు.

ఒక మాట. ఎవరికీ చెప్పలేదు.
ఇనుప గొలుసు లాగేకొద్దీ సాగుతుంది.
కడియాలు అరుగుతాయి, కొక్కేలు విచ్చుకుంటాయి.
కర్నూలు తీసుకుపోయి సరిచూసుకోవాలి.
ఆ ఏడు తొందర, చూడలేదు.
సాగిన గొలుసుకు భూమి తక్కువ పడుతుంది,
ఎకరాకు సెంటో, సెంటున్నరో.
చేతికి ఆ వదులు తెలిసింది.
పై ఆయనకు చెప్పబోతే ఆయన భోంచేస్తున్నాడు.
అయినాక చెబుదామనుకున్నాను.
ఆ భోజనం ఇంకా అవుతానే ఉంది.

బతుకెట్లుందని ఎవరన్నా అడిగితే
సాగుతా ఉంది అంటాం కదా.
నాదీ సాగింది.
సంగట్లో ఉప్పు తక్కువైన రోజులన్నీ నాకు లెక్కే.
ముప్పై ఏండ్లు ఓబులమ్మ పొయ్యి కాడ
నిలబడే తినిందని
ఆమె పోయిన పదకొండో రోజు, ఎవరో అంటే తెలిసింది.
తమ్ముణ్ణి, పక్కింటోణ్ణి, కన్నబిడ్డను
అందరినీ ఆ గొలుసుతోనే కొలిచినాను.
అందరూ కొంచెం తక్కువే పడ్డారు.
తప్పు వాళ్లదనుకున్నాను.

"తాతా, ఒక ఫోటో తీస్తారా" అని కొత్త జంట.
నాలుగడుగులు వెనక్కి జరిగినాను.
ఇద్దరూ పట్టినారు, నీళ్లూ పట్టినాయి.

పెద్దావిడ మనవడు దొడ్డి గోడ మీద కూచుని
పండు చీకుతా అడిగినాడు:
"ఇదెవరిది?"
రాసిన ప్రకారం ఎవరిదీ కాదు అనబోయి
"ఉసేనమ్మది" అన్నాను.
"ఆమె యాడుంది?"

గాలి లేస్తోందంట.
దిగండి దిగండని కింది నుంచి నూకరాజు కేక.